ఫోనులో చూసి కాలిగ్రఫీ నేర్చుకోవడం ఎలా? జోడు పెన్సిలు నుంచి తెలుగు అక్షరం దాకా

రెండు పెన్సిళ్లు తీసుకుని పక్కపక్కన పెట్టి, పైనా కిందా రబ్బరు బ్యాండ్లతో బిగించండి. రెండు మొనలూ ఒకేసారి కాగితానికి తగలాలి. మొనల వరుసను కాస్త ఏటవాలుగా ఉంచి, మధ్యలో పెన్సిళ్లను తిప్పకుండా, పెద్ద సున్న ఒకటి చుట్టండి. ఒక సున్నకు రెండు గీతలు వస్తాయి. కొన్నిచోట్ల అవి ఎడంగా జరుగుతాయి, ఇంకొన్నిచోట్ల దగ్గరై ఒకదాని మీద ఒకటి పడతాయి. ఎడంగా ఉన్న చోట కలమైతే లావు గీత గీసేది, కలిసిన చోట సన్న గీత. మీరు ఎక్కడా ఒత్తి రాయలేదు. లావూ సన్నమూ పాళీ వెడల్పు నుంచి, అది కాగితం మీద ఆనిన కోణం నుంచి వచ్చాయి. చదును పాళీతో రాసే కాలిగ్రఫీ అంతా ఈ సున్నలోనే ఉంది.

విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి వరండాలో నేను మొదలుపెట్టింది ఈ జోడు పెన్సిలుతోనే. దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పే గురువు నాకు దొరకలేదు. ఫోను, ఇంటర్నెట్, ఒకవైపు అచ్చయిన పాత కాగితాలు, ఇవే నా బడి. అలా నేర్చుకోవచ్చని నమ్మకంగా చెప్పగలను. అయితే ఒక విషయం ముందే తెలిసి ఉండాలి. ఆన్‌లైన్‌లో దొరికే మంచి పాఠాల్లో చాలా వరకు ఇంగ్లీషు అక్షరాలవే. కలం పట్టడం, గీత గీయడం వాటి దగ్గర నేర్చుకోండి. కానీ అక్కడే ఆగిపోవద్దు. ఆ విద్యను మన అక్షరానికి మనమే తెచ్చుకోవాలి. ఆ పని కాస్త కష్టమైనదీ, నా దృష్టిలో అన్నిటికంటే ఆనందమైనదీ కాబట్టి ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

ఏ కలంతో మొదలుపెట్టాలి

కాలిగ్రఫీ పనిముట్లు ముఖ్యంగా మూడు రకాలు. చదును పాళీ ఒకటి, దాని మొన ఉలి అంచులా వెడల్పుగా ఉంటుంది. రెండోది సూది పాళీ, ఒత్తినప్పుడు మొన రెండుగా విచ్చుకుని లావు గీత ఇస్తుంది, ఒత్తిడి తీస్తే వెంట్రుకంత సన్నబడుతుంది. పెళ్లి కార్డుల మీద కనిపించే తీగల వంటి ఇంగ్లీషు రాత దీనిదే. మూడోది బ్రష్ పెన్ను.

మొదట చదును పాళీ పట్టుకోమంటాను. సూది పాళీకి, బ్రష్‌కు చేతి ఒత్తిడి మీద అదుపు కావాలి, అది నెలల తరబడి సాధన చేస్తే గాని రాదు. చదును పాళీలో కోణం ఒక్కటి నిలబెట్టుకుంటే లావు సన్నాలు వాటంతట అవే పడతాయి. తప్పు ఎక్కడ జరిగిందో కూడా గీతను చూస్తే తెలిసిపోతుంది. గురువు పక్కన లేనివారికి అంతకంటే మేలు ఏముంటుంది?

ఒక్క పాఠం ఎంచుకోండి

ఉత్త 'కాలిగ్రఫీ' అని వెతికితే బ్రష్ పెన్ను అలంకారాలు, ట్యాబ్లెట్ తెర మీద గీసిన అక్షరాలు, రంగుల నేపథ్యాలు అన్నీ కలగలిసి మీద పడతాయి. అందుకని వెతికే మాటలోనే స్పష్టత ఉండాలి. ఇంగ్లీషులో 'ఫౌండేషనల్ హ్యాండ్' అని టైపు చేయండి. చదును పాళీతో మొదలుపెట్టేవారికి ప్రపంచమంతటా నేర్పే రాత అది.

దాని వెనక ఉన్న కథ మనకు బాగా పనికొస్తుంది. ఎడ్వర్డ్ జాన్‌స్టన్ అనే ఆయన 19వ శతాబ్దం చివరలో లండన్‌లో పాత రాతప్రతుల ముందు కూర్చుని, ఈ అక్షరం ఏ కలంతో, ఏ కోణంలో, ఏ గీత తర్వాత ఏ గీతగా పుట్టి ఉంటుందని వెతికాడు. అచ్చు యంత్రాలు వచ్చాక చదును పాళీ విద్య దాదాపు మరుగున పడిపోయింది, నేర్పేవారు లేరు. ఆయనకు ఆ అక్షరాలే గురువులయ్యాయి. 10వ శతాబ్దానికి చెందిన రామ్సే సాల్టర్ అనే రాతప్రతిని ఆధారం చేసుకుని ఆయన తీర్చిన రాతే ఈ ఫౌండేషనల్. 1906లో తన పద్ధతిని పుస్తకంగా అచ్చువేశాడు. కలాన్ని ఎలా చెక్కాలో దగ్గర నుంచి, గీతల కొలతల దాకా అందులో బొమ్మలతో ఉంటుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఆ పుస్తకం స్కాన్ ప్రతి ఉచితంగా దొరుకుతుంది. లండన్ భూగర్భ రైలు స్టేషన్ల బోర్డుల అక్షరాలు కూడా మొదట ఈయన రూపొందించినవే. తెలుగు అక్షరం దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన చేసిన పనే మనమూ చేయబోతున్నాం, అందుకే ఇంతగా చెప్పాను.

మంచి వీడియోను ఎలా గుర్తుపట్టాలి? చెయ్యి, పాళీ మొన రెండూ తెర మీద కనబడాలి. వేగం పెంచిన వీడియో చూడటానికి బాగుంటుంది, నేర్చుకోవడానికి పనికిరాదు. రాసే కాగితం మీద అడ్డగీతలు ఉండాలి, ఆ గీతల ఎత్తు ఎంతో చెప్పాలి. అక్షరాలను వర్ణమాల వరుసలో నేర్పడం కంటే గీతల పోలికను బట్టి కుటుంబాలుగా నేర్పేవారు మెరుగు. ఈ లక్షణాలున్న వరుస పాఠం ఒకటి దొరికితే దాన్ని ఫోనులో దాచుకుని, రెండు మూడు నెలలు వేరేది తెరవకండి. ఒకరు ముప్పై డిగ్రీలంటారు, ఇంకొకరు నలభై అయిదంటారు. ఇద్దరూ చెప్పేది వేర్వేరు రాతల గురించి. రెండూ కలిపితే మీ చేతికి ఏదీ అబ్బదు.

సూది పాళీ మీదే మనసున్నవారు ఐఏఎంపీఈటీహెచ్ వెబ్‌సైటు చూడండి. 1949లో మొదలైన కలం నిపుణుల సంఘం అది. పాత అమెరికన్ రాత పుస్తకాల స్కాన్లు, పాఠాలు అక్కడ ఉచితంగా ఉన్నాయి.

ఆన్‌లైన్ పాఠంలో ఉన్న సౌకర్యం ఒకటి తప్పకుండా వాడుకోండి. వేగాన్ని సగానికి తగ్గించి ఒకే గీతను అయిదారు సార్లు చూడటం ఏ తరగతి గదిలోనూ కుదరదు. పది నిమిషాలు చూస్తే అరగంట రాయాలి. చూడటం సులువు కాబట్టి చూస్తూ పోతాం, వారం గడిచాక చూస్తే కాగితం తెల్లగానే ఉంటుంది.

గీతలు కొట్టుకోవడం

రాతలో ఎత్తును మిల్లీమీటర్లలో కాకుండా పాళీ వెడల్పుల్లో కొలుస్తారు. పాళీని అడ్డంగా తిప్పి ఒక చిన్న చదరం వేయండి, దాని మీద మరొకటి, మెట్లలాగా నాలుగు. ఆ నాలుగు మెట్ల ఎత్తే ఫౌండేషనల్‌లో చిన్న అక్షరం ఎత్తు. పాళీ 2.4 మిల్లీమీటర్లయితే ఎత్తు 9.6 మిల్లీమీటర్లు, 3.8 అయితే 15.2. మామూలు పెన్సిళ్లు రెండు కడితే మొనల మధ్య సుమారు 7 మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది, అంటే అక్షరం 28 మిల్లీమీటర్ల ఎత్తున రావాలి. అంత పెద్దగానా అని భయపడవద్దు. పెద్ద అక్షరంలో తప్పు దాగదు, దాన్ని దిద్దుకోవడం సులువు.

అదే పాళీతో ఎత్తు తగ్గిస్తే అక్షరం నల్లగా, ఇరుగ్గా అవుతుంది. పెంచితే బక్కచిక్కినట్టు కనిపిస్తుంది. 'నా అక్షరం ఎందుకో బాగా లేదు' అని నాకు కాగితాలు చూపించిన వారిలో సగం మందికి చెయ్యి బాగానే ఉంది, గీతలే లేవు. బడిలో నాలుగు గీతల పుస్తకం ఎందుకిచ్చారో పెద్దయ్యాక ఇక్కడ అర్థమవుతుంది.

గడియారంలో రెండు గంటలు

ఫౌండేషనల్ రాతకు పాళీ అంచు, అడ్డగీతతో ముప్పై డిగ్రీల కోణంలో ఉండాలి. కోణమానిని అక్కర్లేదు. కాగితం మీద గోడ గడియారాన్ని ఊహించుకోండి. పాళీ అంచు ఒక కొస రెండు అంకె వైపు, రెండో కొస ఎనిమిది వైపు చూస్తే అది ముప్పై డిగ్రీలు. ఇటాలిక్ రాతకు నలభై అయిదు కావాలి, అంటే ఒంటిగంటకూ రెండింటికీ సరిగ్గా మధ్య.

కోణం నిలిచిందో లేదో చెప్పే పరీక్ష ఇంకా తేలిక. కూడిక గుర్తు వేయండి. నిలువు గీత లావుగా, అడ్డగీత దానికంటే బాగా సన్నంగా వస్తే మీరు ముప్పై దగ్గర ఉన్నారు. రెండూ సమానంగా వస్తే నలభై అయిదుకు జారిపోయారు. అడ్డగీతే లావైతే ఇంకా నిటారుగా తిప్పేశారన్నమాట. ప్రతి పేజీ మొదట్లో, చివర్లో ఈ గుర్తు ఒకటి వేసే అలవాటు చేసుకోండి. మొదటిదీ చివరిదీ ఒకేలా ఉన్న రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఇక మొదటి రెండు వారాలు అక్షరాల జోలికి పోకండి. నిలువు గీతలు, అడ్డగీతలు, ఎడమ అర్ధచంద్రం, కుడి అర్ధచంద్రం, ఒక గుమ్మటం లాంటి వంపు, ఒక దోనె లాంటి వంపు, ఇవి చాలు. ఆ తర్వాత ఇంగ్లీషులో 'ఓ', 'ఎన్', 'యూ' చిన్న అక్షరాలు వాటంతట అవే వచ్చేస్తాయి, మిగతావి వీటికి బంధువులు. రాసేటప్పుడు వేళ్లు కదిపితే వంపు గతుకులు పడుతుంది. ముంజేయి మొత్తం కదలాలి. బల్ల మీద రెండు లావు పుస్తకాలు పెట్టి, వాటికి ఆనించి చెక్క అట్ట వాలుగా వేసుకుంటే మెడ నొప్పి ఉండదు, పాళీ కూడా కాగితానికి సరిగా ఆనుతుంది.

ఎడమచేతి వాటం వారు కాగితాన్ని కుడివైపుకు వంచి, చేతిని గీత కిందుగా ఉంచుకుని రాయడం మంచిది. లేకపోతే రాసిన దాన్ని చెయ్యే తుడిచేస్తుంది. వారి కోసం వాలుగా కోసిన పాళీలు విడిగా అమ్ముతారు.

ఏం కొనాలి, ఎప్పుడు కొనాలి

నెల రోజులు జోడు పెన్సిలుతో రాశాక కొనండి. మొదట్లోనే నేను డజను పాళీలున్న పెద్ద సెట్టు ఒకటి తెప్పించుకున్నాను, వాటిలో రెండింటి కంటే ఎక్కువ ఇప్పటి దాకా వాడలేదు. ఒక పెన్ను చాలు. చదును పాళీ ఉన్న పైలట్ ప్యారలల్ పెన్నులు 1.5, 2.4, 3.8, 6.0 మిల్లీమీటర్ల వంటి కొలతల్లో వస్తాయి. మొదటిదిగా 3.8 తీసుకోమంటాను. తర్వాత 2.4 తోడు చేయండి, తెలుగు ఒత్తులకు అది అవసరం, ఎందుకో కింద చెబుతాను. తక్కువ ఖర్చులో కావాలంటే చదును మొన ఉన్న మార్కరు పెన్నులతోనూ సాధన సాగుతుంది.

కాగితం మాత్రం చూసి కొనాలి. బీసెంట్ రోడ్డులోనో ఏలూరు రోడ్డులోనో, గుంటూరు వారైతే బ్రాడీపేట, అరండల్‌పేట వైపో, పెద్ద స్టేషనరీ దుకాణానికి మీ పెన్ను పట్టుకుని వెళ్లండి. మామూలు జిరాక్స్ కాగితం మీద సిరా అంచుల నుంచి చెట్టు వేళ్లలా పాకుతుంది. నున్నటి 100 జీఎస్ఎమ్ బాండ్ పేపర్ అడిగి, నమూనా కాగితం మీద మూడు గీతలు గీయనివ్వమనండి. గీత అంచు పదునుగా ఉండి, వెనక వైపుకు సిరా దిగకపోతే అదే మీ కాగితం.

సిరా గురించి ఒక హెచ్చరిక. ఫౌంటెన్ పెన్నుల సిరా మాత్రమే ఇలాంటి పెన్నులో పోయాలి. నీటికి చెదరని డ్రాయింగ్ ఇంకు నల్లగా, నిగనిగలాడుతూ ఆశ పెడుతుంది. అది పెన్ను లోపల ఎండి గట్టిపడితే ఇక వదలదు. ముంచి రాసే పాళీలకే అది. కొత్త ముంచుడు పాళీకి తుప్పు పట్టకుండా నూనె పూత ఉంటుంది, గిన్నెలు తోమే సబ్బుతో కడిగితే గాని సిరా నిలవదు.

మన ఊళ్ల వాతావరణమూ లెక్కలోకి తీసుకోవాలి. వేసవిలో అరచేతి చెమట కాగితానికి అంటి, ఆ చోట సిరా చెదిరిపోతుంది. రాసే చేతి కింద మరో కాగితం మడిచి పెట్టుకోండి. సరిగ్గా ఫ్యాను కింద కూర్చుంటే పాళీ మొన మీదే సిరా ఎండి గీత తెగుతుంది, కాస్త పక్కకు జరగండి. వానాకాలంలో కాగితం చెమ్మ పీల్చి మంచి కాగితం కూడా సిరా పాకించేస్తుంది, దాన్ని ప్లాస్టిక్ కవరులో మూసి ఉంచండి. రోహిణి కార్తెలో నేను తెల్లవారుజామున అయిదున్నరకే కూర్చునేవాణ్ణి. చల్లదనం కోసం మొదలైన ఆ వేళ తర్వాత అన్ని రుతువుల్లోనూ అలవాటైపోయింది.

తెలుగు అక్షరం దగ్గరికి

ఇప్పుడు అసలు పని. చదును పాళీతో 'ర' రాయండి, పలక మీద రాసినట్టు ఒకే ఊపులో, చెయ్యి ఎత్తకుండా. సగం దూరం బాగానే వస్తుంది. కింది నుంచి పైకి తిరిగే చోట పాళీ కాగితాన్ని గీరుతుంది, సిరా చిమ్ముతుంది లేదా గీత తెగుతుంది. మీ చేతిలో లోపం లేదు. వెడల్పు అంచును ముందుకు నెడితే అది కాగితంలో దిగబడుతుంది, లాగితేనే సాఫీగా నడుస్తుంది.

మనం బలపంతో నేర్చుకున్న అక్షరాలన్నీ నెట్టుడూ లాగుడూ కలిసినవే. వాటి వెనక ఇంకా పాత పనిముట్టు ఉంది, గంటం. తాటాకు మీద ఇనుప మొనతో గీరి, ఆ గీతల్లో మసి పూసి తుడిస్తే అక్షరం నల్లగా తేలేది. ఆకు ఈనెల వెంట తిన్నని గీత గీస్తే ఆకు చీలుతుందని, అందుకే మన లిపి గుండ్రబడిందని పెద్దలు చెబుతారు. గంటానికి లావు సన్నాలు లేవు, అన్ని వైపులకూ ఒకే మందం. కాబట్టి చదును పాళీతో తెలుగు రాయడమంటే అక్షరం ఆకారాన్ని నిలుపుతూ, దాన్ని పాళీకి నప్పే గీతలుగా మళ్లీ విడగొట్టడం. లండన్‌లో జాన్‌స్టన్ చేసింది ఇదే.

విడగొట్టే సూత్రం ఒక్కటే. ప్రతి గీతా పై నుంచి కిందికో, ఎడమ నుంచి కుడికో సాగాలి. సున్నను ఒక చుట్టుగా కాకుండా రెండు అర్ధచంద్రాలుగా రాయండి. మొదట ఎడమది, పై నుంచి కిందికి. చెయ్యి ఎత్తి మళ్లీ పైకి వచ్చి కుడిది. రెండూ సన్నగీత దగ్గర కలవాలి, లావు దగ్గర కలిస్తే అతుకు కనబడుతుంది. మీరు ఇంగ్లీషు 'ఓ' లో ఇదే చేశారు కదా. ఆ సున్నకు తలకట్టు పెడితే 'ర', లోపల చుక్క కూడా పెడితే 'ఠ'. 'ఎన్' లో నేర్చిన గుమ్మటం వంపు 'గ' కు, దాని బంధువు 'శ' కు వస్తుంది. 'యూ' లోని దోనె వంపు 'ప' కు వస్తుంది, 'ప' కుదిరితే దాని నుంచి 'ఫ', 'ష' పుడతాయి. నెలల క్రితం ఇంగ్లీషులో రాసిన ఆ గీతలు ఒక్కొక్కటే మన ఇంటి మనుషుల్లా కనబడటం మొదలైతే మీరు సరైన దారిలో ఉన్నట్టే.

తలకట్టు మీద వారం రోజులు ఖర్చు పెట్టండి. అది ఒక చిన్న దిగుడు, ఒక పొడుగు ఎగుడు. ముప్పై డిగ్రీల పాళీతో దిగుడు లావుగా పడుతుంది. ఎగుడు గీతను పాళీ అంచు చూస్తున్న వైపే, అంటే గడియారంలో రెండు వైపు, జారిస్తే వెంట్రుకలా సన్నబడుతుంది. పైకి పోయే గీతల్లో చదును పాళీ ఒప్పుకునేది ఇదొక్కటే, ఎందుకంటే ఇక్కడ పాళీ తన అంచు వెంటే జారుతోంది. లిపి చరిత్రలో, మన లిపికి మూలమైన బ్రాహ్మి నిలువు గీతల తల మీద పడిన చిన్న గుర్తే పెరిగి పెరిగి మన తలకట్టు అయింది. వరుసలో అన్ని తలకట్లూ ఒకే ఎత్తున, ఒకే వాలుగా ఉంటే చాలు, అక్షరాలు కాస్త అటూ ఇటూ అయినా ఆ వాక్యం అందంగానే కనిపిస్తుంది. ఖ, జ, ట, ణ, బ, ల లకు తలకట్టు ఉండదు. 'జలజ', 'బలం' రాసేటప్పుడు ఆ వరుసలో పైన బోసిగా అనిపిస్తుంది, అక్కడ అక్షరాల మధ్య ఎడం కాస్త తగ్గించండి.

తర్వాత అంతస్తులు. ఇంగ్లీషు గీతల కాగితం తెలుగుకు సరిపోదు. అక్షరం ఎత్తుకు నేను అయిదు పాళీ వెడల్పులు పెట్టుకుంటాను. పైన గుడికి, ఏత్వానికి రెండు, కింద ఒత్తులకు మూడు. వరుసకూ వరుసకూ మధ్య మరో రెండు ఖాళీ. ఇది నా చేతికి కుదిరిన లెక్క, మీరు మార్చుకోవచ్చు, కానీ మూడు అంతస్తులు మాత్రం ఉండి తీరాలి. లేకపోతే పై వరుసలోని ఒత్తు కింది వరుసలోని గుడి మీద కూర్చుంటుంది.

గుడి వచ్చినప్పుడు తలకట్టు తీసేయాలన్నది మనకు చిన్నప్పుడే తెలుసు. కానీ కలంతో రాసేటప్పుడు అలవాటుగా తలకట్టు పడిపోతుంది, అందుకని గుణింతం మొత్తం మళ్లీ రాయండి. క, కా, కి, కీ నుంచి కౌ దాకా, ఒక్కొక్క అక్షరానికి ఒక పేజీ. గుణింతాన్ని మించిన సాధన పుస్తకం మన భాషలో లేదు.

ఒత్తుల దగ్గర చాలామంది నిరుత్సాహపడతారు. ఒత్తు చిన్నది కావాలని ఎత్తు తగ్గిస్తే అదే పాళీ వెడల్పుకు లోపలి ఖాళీ పూడిపోయి మచ్చలా మిగులుతుంది. అందుకే రెండో పెన్ను. అక్షరం 3.8తో, ఒత్తు 2.4తో రాస్తే నలుపు సమంగా ఉంటుంది. చాలా ఒత్తులు తలకట్టు తీసిన అక్షరాలే, కుడివైపు కిందికి వాలుతాయి. త, న, మ, య, ర, ల ఒత్తుల రూపం వేరు కాబట్టి వాటిని విడిగా సాధన చేయాలి. క్రారవడి అక్షరాన్ని కింద నుంచి ఎడమకు చుట్టుకుని పట్టుకుంటుంది. దాని వంపు పై అక్షరం వంపుకు సమాంతరంగా ఉంటే రెండూ ఒకే చేతిలో పుట్టినట్టుంటాయి. 'అక్షరం', 'ప్రకాశం', 'కృష్ణ', 'రాష్ట్రం' ఈ నాలుగు మాటలు రాయగలిగితే తెలుగులో మీరు రాయలేనిది పెద్దగా ఉండదు. 'మ', 'వు' రెండింటినీ పక్కపక్కన రాసి ఇంట్లో ఎవరితోనైనా చదివించండి. తడబడకుండా చదివితేనే ముందుకు వెళ్లండి.

మన చుట్టూ ఉన్న గురువులు

తెలుగు కోసం చూడవలసిన పాత రాతలు మన జిల్లాల్లోనే ఉన్నాయి. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రే తవ్వించిన స్తూపంలో ధాతువులుంచిన రాతి పేటికలు దొరికాయి. వాటి మీది బ్రాహ్మి అక్షరాల బొమ్మలు ఆన్‌లైన్‌లో చూడవచ్చు. నిటారు గీతలు, తలకట్టు ఊసే లేదు. వాటి పక్కన బెజవాడ యుద్ధమల్లుని శాసనాన్ని పెట్టి చూడండి. మధ్యాక్కర పద్యాలతో చెక్కిన వెయ్యేళ్ల నాటి తెలుగు అది. నిటారు గీత ఎలా వంగి, ఎలా గుండ్రబడిందో కళ్లకు కడుతుంది.

అంత వెనక్కి వెళ్లలేకపోతే ఇంట్లో ఇనప్పెట్టె తెరవండి. తాతల నాటి పొలం దస్తావేజులు, కరణాల గొలుసుకట్టు రాతలు, ముంచుడు కలంతో రాసిన ఉత్తరాలు ఉంటాయి. సన్న గీత ఎక్కడ పడింది, సిరా ఎక్కడ నిండుకుని మళ్లీ ముంచారు, చెయ్యి ఎక్కడ ఎత్తారు, భూతద్దం పెట్టి చూస్తే తెలుస్తుంది. వాటిని ఫొటో తీసి ఫోనులో పెద్దది చేసి చూడటం నాకు ఏ వీడియో కన్నా ఎక్కువ నేర్పింది. మా నాన్నమ్మ పేరున ఉన్న ఒక దస్తావేజులో 'శ్రీ' ని చూసి, అది వచ్చేవరకు నలభై పేజీలు రాశాను.

బందరు రోడ్డులోని విక్టోరియా జూబిలీ మ్యూజియానికి ఇప్పుడు చిత్రకారుడు బాపు పేరు పెట్టారు. ఆయన దస్తూరీ కంప్యూటర్ ఫాంటుగా కూడా మారి తెలుగు వారి శుభలేఖల మీద, పుస్తకాల అట్టల మీద నిలిచిపోయింది. ఒక మనిషి చేతిరాత ఒక జాతికి ఎంత ఇష్టమవుతుందో తెలుసుకోవడానికి అది చాలు. ఆయన రాతను అనుకరించవద్దు గాని, అక్షరాల మధ్య ఆయన వదిలిన ఖాళీలను మాత్రం శ్రద్ధగా చూడండి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, ధూర్జటి వంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. అక్షరానికీ ఒత్తుకూ ఉన్న నిష్పత్తి చూసుకోవడానికి వాటిని పెద్దగా ప్రింటు తీసి గోడకు అంటించుకోండి.

దిద్దేవారు లేరన్న లోటు తీర్చుకోవడానికి, రాసిన పేజీని మర్నాడు తలకిందులుగా పెట్టి చూడండి. మాట చదవబడదు కాబట్టి కళ్లు ఆకారాలనే చూస్తాయి, వంగిన నిలువు గీత, ఎక్కువైన ఎడం వెంటనే పట్టుబడతాయి. ఆ పేజీలో బాగా వచ్చిన ఒక్క అక్షరం చుట్టూ పెన్సిలుతో గుండ్రం చుట్టి, తారీఖు వేసి దాచండి.

మొదటి నిజమైన పని: శుభలేఖల కవర్లు

ఆరేడు నెలలకు ఇంట్లో ఎవరిదో పెళ్లి వస్తుంది. కవర్ల మీద పేర్లు నేను రాస్తానని ముందుకు రండి. పేరును ముందు చిత్తు కాగితం మీద అసలు కొలతలో రాసి, ఆ కాగితాన్ని మధ్యకు మడిస్తే పేరు నడిమి భాగం తెలుస్తుంది. దాన్ని కవరు నడిమికి ఆనించి, అక్కడి నుంచి వెనక్కి కొలిచి మొదటి అక్షరం ఎక్కడ పడాలో చుక్క పెట్టుకోండి. ముందు 'శ్రీ' కి, చివర 'గారికి' అన్న మాటకు చోటు మొదటే వదలాలి. గారికి చోటు చాలక ఇరికించి రాసిన కవరు అందుకున్నవారికి బాగుండదు.

మెరుపు కాగితం కవర్ల మీద సిరా ఆరదు. అచ్చు వేయించే ముందే ఒక నమూనా కవరు తెప్పించుకుని రాసి చూసి, పెళ్లివారికి చెప్పండి. నాలుగు మూలలా పసుపు పెట్టాలి కదా, ఫౌంటెన్ పెన్ను సిరా నీటికి కరిగిపోతుంది. కాబట్టి పసుపు ముందు పెట్టించి, పూర్తిగా ఆరాక కలం పట్టుకోండి. దగ్గరి బంధువుల కవర్లతో మొదలుపెడితే చెయ్యి కుదుటపడే లోపు జరిగే పొరపాట్లను వారు మన్నిస్తారు. వియ్యాలవారివి మధ్యలో, చెయ్యి వేడెక్కి ఇంకా అలసిపోని వేళ రాయండి. రోజుకు ముప్పై కవర్లు మించవద్దు. రాసినవన్నీ విడివిడిగా పరిచి ఒక రాత్రంతా వదిలేసి, మర్నాడు మెత్తటి రబ్బరుతో పెన్సిలు గీతలు చెరపండి.